వింటేజ్ కార్ రేసుల్లో రోజంతా ఏం జరుగుతుంది? మీ షెడ్డులో ఉన్న పాత అంబాసిడర్‌కి రూల్స్ ఏం చెబుతున్నాయి?

1960ల నాటి కార్లు మలుపులో పక్కకి జారుతూ దూసుకెళ్తుంటాయి. డ్రైవర్ స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాడు. చుట్టూ జనం పాత కాలపు కోట్లు, టోపీలు వేసుకుని చూస్తుంటారు. ఇలాంటి వీడియోలు మీ ఫోన్‌లోనూ కనిపించే ఉంటాయి. సినిమా షూటింగ్ అనుకుని స్క్రోల్ చేసేసి ఉంటారు. కానీ అవి నిజం రేసులే.

బందరు, గుడివాడ, దివిసీమల్లో రేస్ ట్రాక్ లేదు. అయినా ఈ విషయం మనకి సంబంధం లేనిదేం కాదు. తాతగారు కొన్న అంబాసిడరో, ఫియటో, జీపో షెడ్డులో దుమ్ము పట్టి ఉన్న ఇళ్లు ఇక్కడ ఇంకా ఉన్నాయి. "ఇక ఇది నడవదులే" అని కిలోల లెక్కన పాత ఇనుముకి ఇచ్చేసేముందు కొన్ని విషయాలు తెలుసుకోవడం మంచిది. అవేంటో చూద్దాం.

నాలుగు ముక్కల్లో..

- మన దేశంలో 50 ఏళ్లు దాటిన టూవీలర్, ఫోర్ వీలర్‌కి వింటేజ్ వాహనంగా రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు.
- అలా తీసుకున్న కారుని రోజువారీ పనులకి రోడ్డు మీద తిప్పకూడదు.
- మన దగ్గర జరిగేవి ఎక్కువగా ర్యాలీలు. పాత కార్ల అసలు రేసులు క్లోజ్డ్ ట్రాక్ మీదే జరుగుతాయి.
- సముద్రానికి దగ్గరగా ఉండే మన ప్రాంతంలో పాత కారుకి పెద్ద శత్రువు తుప్పు.

వింటేజ్, క్లాసిక్.. ఏది ఏంటి?

ఒక్కో చోట ఒక్కో లెక్క. బ్రిటన్‌లో పాత తరం వాళ్లు 1919 నుంచి 1930 మధ్య తయారైన కార్లనే వింటేజ్ అంటారు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా అయితే 30 ఏళ్లు దాటి, అసలు రూపం పోకుండా ఉన్న వాహనాన్ని హిస్టారిక్ అంటుంది. మన కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ఇచ్చిన రూల్స్ ప్రకారం వింటేజ్ అనాలంటే 50 ఏళ్లు దాటాలి. బాడీ, ఛాసిస్, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉండాలి.

మన వాళ్లకి సులువుగా అర్థమయ్యే లెక్క ఒకటుంది. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. ఆ ఉప్పెనకి రెండు మూడేళ్ల ముందు కొన్న కారు మీ ఇంట్లో ఉంటే, అది ఇప్పుడు ఈ లెక్కలోకి వచ్చేసినట్టే.

ర్యాలీ, రేసు ఒకటేనా?

కాదు. ర్యాలీలో కార్లు మామూలు రోడ్డు మీద, ట్రాఫిక్ రూల్స్ పాటిస్తూ వెళ్తాయి. ముందు రావడం కంటే చెప్పిన టైమ్‌కి చెప్పిన చోటుకి చేరడం, కారుని అసలు రూపంలో ఉంచడం ముఖ్యం. మన దేశంలో బాగా పేరున్నది స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన వింటేజ్ కార్ ర్యాలీ.

రేసు అంటే వేగమే. అందుకే దానికి జనం తిరగని క్లోజ్డ్ ట్రాక్, అంబులెన్స్, ఫైర్ సిబ్బంది, జెండాలు ఊపే మార్షల్స్ ఉండాలి. మామూలు రోడ్డు మీద పర్మిషన్ లేకుండా పందెం పెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద కేసు అవుతుంది. మొదటిసారి దొరికితే 3 నెలల వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. బైపాస్ మీద బైక్ పందేలు పెట్టే కుర్రాళ్లకీ ఇదే సెక్షన్.

రేసులకి, ఎయిర్‌పోర్టులకి సంబంధం ఏంటి?

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటన్‌లో చాలా ఎయిర్‌ఫీల్డులు ఖాళీ అయ్యాయి. తిన్నగా, గట్టిగా, వెడల్పుగా ఉన్న ఆ రోడ్ల మీద కార్ల రేసులు మొదలయ్యాయి. ఇప్పుడు ఫార్ములా వన్ జరిగే సిల్వర్‌స్టోన్ అలా వచ్చిందే. దక్షిణ ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ కూడా అంతే. యుద్ధ విమానాలు తిరిగిన ఫీల్డు చుట్టూ ఉన్న రోడ్డుని 1948లో రేస్ ట్రాక్ చేశారు.

మన వైపూ ఇలాంటి కథే ఉంది. నెల్లూరు మీదుగా చెన్నై వెళ్తుంటే సిటీ ఇంకా రాకముందే షోలవరం తగులుతుంది. అక్కడి యుద్ధకాలం నాటి రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. ఈ క్లబ్ 1953లో మొదలైంది. మన రోడ్ల మీద తిరిగిన ఫియట్లు, హెరాల్డులనే రేసుకి తగ్గట్టు మార్చి అక్కడ పరిగెత్తించేవాళ్లు. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ రావడంతో రేసులు అక్కడికి మారాయి.

మన గన్నవరం ఎయిర్‌పోర్టు కూడా యుద్ధకాలంలో సైన్యం వాడిన ఫీల్డే. అయితే అది రేసుల దారి పట్టలేదు, విమానాల దారిలోనే కొనసాగింది.

రోజంతా ఏం జరుగుతుంది?

పాత కార్ల రేసుల్లో ప్రపంచంలో బాగా పేరున్నది గుడ్‌వుడ్ రివైవల్. 1966లో అక్కడ రేసులు ఆగిపోయాయి. సరిగ్గా ట్రాక్ మొదలైన 50 ఏళ్లకి, 1998 సెప్టెంబర్ 18న మళ్లీ తెరిచారు. ఇప్పుడు ఏటా సెప్టెంబర్‌లో మూడు రోజులు జరుగుతుంది. యూకేలో ఉంటున్న మన పిల్లల దగ్గరికి ఆ నెలలో వెళ్లేవాళ్లు ఒక రోజు పెట్టుకోవచ్చు. టికెట్లు మాత్రం ముందే తీసుకోవాలి.

- పొద్దున్నే ప్యాడక్: రేసుకి ముందు కార్లని ఉంచే చోటు ఇది. మెకానిక్‌లు బానెట్లు ఎత్తి ఇంజిన్లు వేడి చేస్తుంటారు. బ్రేకులు, స్టీరింగ్, చక్రాలు, ఆయిల్ లీకులు అన్నీ తనిఖీ అయ్యాకే కారు ట్రాక్ ఎక్కాలి.
- డ్రెస్: వచ్చిన జనం 1940ల నుంచి 60ల మధ్య ఫ్యాషన్‌లో తయారై వస్తారు. మన పెళ్లిళ్లలో రెట్రో థీమ్ లాగే, కాకపోతే వేలమంది ఒకేచోట.
- రేసులు: చాలావరకు సుమారు అరగంట లోపే అయిపోతాయి. ట్రాక్ ఒక రౌండ్ 3.8 కిలోమీటర్లు. ఒకే కాలం, ఒకే స్థాయి కార్లని ఒక గ్రూపుగా పెడతారు. 1966 తర్వాతి రకం కార్లకి రేసులో చోటు లేదు.
- పిల్లల పందెం: చిన్నపిల్లలు పరిగెత్తుకుంటూ వెళ్లి ఆస్టిన్ జే40 అనే పెడల్ కార్లు ఎక్కి తొక్కుతారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్న బొగ్గుగని కార్మికులకి ఉపాధి చూపించడానికి వేల్స్‌లో పెట్టిన ఫ్యాక్టరీలో ఆ బొమ్మ కార్లు తయారయ్యేవి.

పొగ సంగతి ఏంటి అనే ప్రశ్న అక్కడా వచ్చింది. అందుకే 2024లో రివైవల్ రేసులన్నీ సస్టైనబుల్ ఇంధనంతోనే నడిపారు.

పాత కార్లు ఎందుకలా జారతాయి?

టైర్లు సన్నగా ఉంటాయి, పట్టు తక్కువ. గాలి ఒత్తిడితో కారుని నేలకి అదిమి ఉంచే రెక్కలు వీటికి లేవు. చాలా వాటికి డ్రమ్ బ్రేకులే. నాలుగైదు సార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కొన్నింటికి గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. ఏబీఎస్, పవర్ స్టీరింగ్ మాటే లేదు. అంటే కారుని కాపాడుకోవడం మొత్తం డ్రైవర్ చేతుల్లో, కాళ్లలో ఉంటుంది. చూసేవాళ్లకి మజా అక్కడే. ప్రమాదం కూడా అక్కడే. పేరుమోసిన రేసర్ స్టిర్లింగ్ మాస్ 1962లో ఇదే గుడ్‌వుడ్‌లో కారు గుద్దుకుని కోమాలోకి వెళ్లాడు. బతికి బయటపడ్డా, అగ్రశ్రేణి రేసింగ్ కెరీర్ అక్కడితో ఆగిపోయింది.

అంత విలువైన కారుని రేసులో పెట్టడం తప్పు కదా?

ఈ వాదన ఎప్పుడూ ఉంది. గుద్దుకుంటే అలాంటి కారు మళ్లీ దొరకదు, అద్దాల గదిలో పెట్టుకోవాలి అంటారు కొందరు. రేసులు నడిపేవాళ్ల మాట వేరు. కదలని కారులో సీళ్లు ఎండిపోతాయి, పెట్రోల్ ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, బ్రేకులు బిగుసుకుపోతాయి. ఇంకో ముఖ్యమైన విషయం, కార్లు తిరగకపోతే వాటి పని తెలిసిన మెకానిక్ కూడా మిగలడు. కార్బరేటర్ ట్యూనింగ్, చేత్తో రేకు సాగదీసే టింకరింగ్ పని పెద్దవాళ్లతోనే పోతుంది. రేసులు ఉన్నచోట కుర్రాళ్లు ఆ పని నేర్చుకుంటున్నారు, స్పేర్ పార్టులు కొత్తగా తయారవుతున్నాయి.

మన దగ్గర రేసు అవసరం లేదు. వారానికి ఒకసారి కారుని స్టార్ట్ చేసి కాసేపు నడిపినా అదే ఫలితం.

మన దగ్గర నుంచి ఎక్కడికి వెళ్లొచ్చు?

- హైదరాబాద్: బందరు నుంచి 65వ నంబరు హైవే తిన్నగా అక్కడికే. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల కార్లు ఉన్నాయి. వాటిలో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ని తప్పక చూడాలి. రేసుల సంగతికొస్తే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది. అవి ఎలక్ట్రిక్ కార్లు. మరుసటి ఏడాది రేసు రద్దయింది.
- చెన్నై: బందరు నుంచి అవనిగడ్డ, రేపల్లె మీదుగా 216వ నంబరు హైవే ఎక్కితే ఒంగోలులో 16వ నంబరు హైవే కలుస్తుంది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 3.7 కిలోమీటర్లు. రేసుల తేదీలు చూసుకుని వెళ్లండి.

మీ ఇంట్లో పాత కారుంటే రూల్స్ ఇవీ..

- ఆర్‌సీలో మొదటిసారి రిజిస్టర్ అయిన తేదీ చూడండి. 50 ఏళ్లు దాటిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి.
- వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి పరివాహన్ పోర్టల్‌లో అప్లై చేయాలి. కొత్తగా అయితే ఫీజు 20 వేలు. రెన్యువల్‌కి 5 వేలు. 10 ఏళ్లు చెల్లుతుంది.
- పాత నంబర్ ఉన్న బండికి అదే నంబర్ ఉంచుకోవచ్చు. కొత్తగా ఇస్తే రాష్ట్రం కోడ్ తర్వాత "వీఏ" అనే అక్షరాలు వస్తాయి.
- ఆ తర్వాత ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోల్ కొట్టించడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. బాడుగకి తిప్పకూడదు.

ఇక్కడే ఆలోచించుకోవాలి. ఆదివారం గుడివాడ నుంచి బందరు బీచ్‌కి ఫ్యామిలీతో ఇదే కారులో వెళ్లాలనుకుంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ మీకు పనికిరాదు. అలాంటప్పుడు మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకోవాలి. దానికి ఫిట్‌నెస్ టెస్ట్ పాస్ అవ్వాలి. 2025 ఆగస్టులో పెంచిన ఫీజుల ప్రకారం 20 ఏళ్లు దాటిన కారుకి 10 వేలు, ట్యాక్స్ అదనం.

ఉప్పుగాలికి ఏం చేయాలి?

కోడూరు, నాగాయలంక, మంగినపూడి లాంటి చోట్ల ఉప్పు, తేమ కలిసి రేకుని లోపలి నుంచి తినేస్తాయి. పైన పెయింట్ బాగానే కనిపిస్తుంది, కింద ఫ్లోర్ చిల్లులు పడుతుంది.

- నెలకోసారి మంచినీళ్లతో కారు కింది భాగం కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి.
- తలుపుల అడుగున నీళ్లు పోయే చిల్లులు మూసుకుపోకుండా చూడండి.
- ప్లాస్టిక్ పరదా నేరుగా కప్పొద్దు. లోపల చెమ్మ నిలిచిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవరు మేలు.
- ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని పాడు చేస్తుంది. నెలల తరబడి ట్యాంకులో వదిలేయొద్దు. పైపులు, వాషర్లు ఇథనాల్‌ని తట్టుకునే రకానివి వేయించండి.
- ఏళ్లుగా ఆగిన బండిని నేరుగా స్టార్ట్ చేయొద్దు. ముందు పాత పెట్రోల్ తీసేసి, ఇంజిన్ ఆయిల్ మార్చి, బ్రేకులు చూపించాకే తాళం తిప్పాలి. స్పేర్ పార్టులకి విజయవాడ ఆటోనగర్‌లో పాత షాపులు ఒకసారి తిరిగి చూడండి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పాత ఫియట్, పద్మిని అంతకుముందే ఆగిపోయాయి. ఇక కొత్తవి రావు. కాబట్టి పాత ఇనుము కొనేవాళ్లకి ఫోన్ చేసేముందు బీరువాలో ఉన్న ఆర్‌సీ తీసి సంవత్సరం చూడండి, ఒక మంచి మెకానిక్‌ని పిలిచి ఫ్లోర్ చూపించండి. రెండిటికీ కలిపి ఒక పూట చాలు.