ఆటలో అరటిపండు

మన పల్లె పిల్లల ఆటల్లో ఒక పాత మర్యాద ఉండేది. తమ్ముణ్ణి చంకనేసుకొచ్చిన అక్క ఆటకు దిగాలంటే వాణ్ణీ చేర్చుకోవాలి. వాడు ‘అరటిపండు’. ఉరుకుతాడు, దాక్కుంటాడు, కానీ దొరికినా దొంగ కాడు, అవుటయినా లెక్కలోకి రాడు. పసివాడికి అది ముద్దే. రెండేళ్లు పోతే వాడూ అసలు ఆటగాడవుతాడు. పోలియోతో కాలు చచ్చుబడినవాడు మాత్రం పదో తరగతి దాకా అరటిపండుగానే మిగిలేవాడు.

నేను పల్నాడు బడుల్లో డ్రిల్లు మాస్టారుగా చేశాను. 1980లలో మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచే పిల్లలు చాలా బడుల్లో కనిపించేవారు. హాజరుపట్టీలో చక్కటి పేరుండేది. పిలుపు మాత్రం ‘ఒరే కుంటోడా’! పంతుళ్లూ అలాగే పిలిచేవారు. డ్రిల్లు పీరియడ్‌లో వాడి పని వేపచెట్టు కింద చొక్కాలకూ చెప్పులకూ కాపలా. వెక్కిరించేవాళ్లు వెక్కిరించేవారు, జాలిపడినవాళ్లు అరటిపండును చేసేవారు. ఈ రెండోదాన్ని ఊరు మంచితనమనేది. నేను ఒప్పుకోను. రెండింట్లోనూ వాడి ఆటకు లెక్క లేదు.

అలాంటి పిల్లాడికోసం మా బడి పిల్లలే ఒకసారి ఏడుపెంకులాటకు కొత్త నియమం కట్టారు. వాడు స్టూలు మీద కూర్చుని బంతి విసురుతాడు, వాడి బదులు ఒకడు ఉరుకుతాడు, ఆ ఉరికేవాడికి బంతి తగిలితే ఇద్దరూ అవుట్. కర్ర పట్టుకుని నడిచే చేతులు కదా, వాడి విసురుకు పెంకులు చెల్లాచెదురయ్యేవి. అవుటిచ్చిన రోజు వాడు గొంతు చించుకుని పోట్లాడాడు, అవతలివాళ్లూ తగ్గలేదు. ఆ గొడవ చూసి నాకు కడుపు నిండిపోయింది.

ఇలా నియమం మార్చుకుని ఆడే అంధుల క్రికెట్ 1922లో మెల్‌బోర్న్‌లో మొదలైంది. బంతిలో గలగలమనే గుళ్లుంటాయి. ఇప్పటి నియమాల్లో పదకొండుమందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపులేనివాళ్లుండాలి, వాళ్లు కొట్టిన పరుగుకు రెండు పరుగులు. మన గురజాల వైపు నుంచి వచ్చిన అజయ్ కుమార్ రెడ్డి ఆ ఆటలో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు, అర్జున అవార్డు అందుకున్నాడు.

ఇక బడి సంగతికొస్తే, వికలాంగ పిల్లలను మామూలు బడుల్లో చదివించే కేంద్ర పథకం 1974లోనే వచ్చింది. 1995 వికలాంగుల చట్టం పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య అంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ఆటల్లోనూ సమాన అవకాశం ఇవ్వాలని బడికి బాధ్యత పెట్టింది. నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా జైలు.

బడిలో మాస్టారి చూపు ఏం చేయగలదో చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తిని చిన్నప్పుడు పిచ్చిదని, కోతి అని ఊళ్లో ఎగతాళి చేశారని తల్లిదండ్రులే పత్రికలకు చెప్పారు. ఆమె పరుగును మొదట పసిగట్టింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ తీర్చిదిద్దారు. 2024 మేలో కోబేలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి, తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడు పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది.

ఇప్పుడు బడుల్లో డ్రిల్లు మాస్టార్లుగా ఉన్న పీఈటీలకు నా విన్నపం ఇది: రేపు జట్లు పంచేటప్పుడు వైకల్యమున్న పిల్లనో పిల్లాడినో పేరు పెట్టి ముందు పిలవండి. వాళ్లను ఎలా ఆడించాలో మిగతా పిల్లలనే అడగండి.