రాష్ట్రం పోయింది, జట్టు మిగిలింది

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం రద్దయింది. మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు, మన తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. సారంగాపూర్, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల జనం ఒక్క రాత్రిలో కొత్త రాష్ట్రం వాళ్లయిపోయారు. అయితే 1957-58 సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్ ఫలితాలు తీసి చూడండి. జాతీయ ఛాంపియన్ పేరు హైదరాబాద్. పోటీలు జరిగింది కూడా హైదరాబాద్‌లోనే, ఫైనల్లో ఓడింది బొంబాయి. అప్పటికి ఏడాది కిందటే పటం మీంచి చెరిగిపోయిన రాష్ట్రం దేశంలోని రాష్ట్రాలన్నిటినీ దాటి కప్పు కొట్టింది!

కిటుకేమీ లేదు. సర్కారు కలిపినంత తొందరగా ఫుట్‌బాల్ సంఘాలు కలవలేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ వేరు, ఆంధ్ర వాళ్ల సంఘం వేరు. రెండూ కలిసి ఆంధ్రప్రదేశ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అయ్యేసరికి 1959 వచ్చింది. ఆ సందులో ఆడిన ఆటే హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు పట్టిన పంట.

ఈ కాలం పాఠకులకు ఒక మాట చెప్పాలి. అప్పట్లో దేశమంతటికీ కలిపి ఒక లీగ్ లేదు. జాతీయ లీగ్ అనేది 1996లో గానీ మొదలు కాలేదు. ఏ ఊరి లీగ్ ఆ ఊరిదే, కలకత్తాది అందులో పెద్దది. దేశం మొత్తం మీద ఎవరు మొనగాళ్లో తేలాలంటే కప్పులే దిక్కు. ఢిల్లీలో డ్యూరాండ్, బొంబాయిలో రోవర్స్, రాష్ట్రాల మధ్య సంతోష్ ట్రోఫీ. ఆటగాళ్లకు సీజన్ అంటే మూటాముల్లె సర్దుకొని రైలెక్కడమే.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. రోవర్స్ కప్పయితే 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు పట్టుకొచ్చింది. కలకత్తా పెద్ద క్లబ్బులకు ఉన్న డబ్బు గానీ, వేలాది అభిమానుల దన్ను గానీ వీళ్లకు లేవు. ఉన్నది పోలీసు కొలువు, సయ్యద్ అబ్దుల్ రహీం అనే గురువు.

రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఉస్మానియాలో చదివి కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన పెట్టిన పోటీల్లో ఆ పంతులుగిరీ కనిపిస్తుంది. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి తగలగానే ఇంకొకరికి అందించాలి తప్ప అట్టిపెట్టుకోకూడదు. ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం కుర్రాడు ఎడమకాలితో తన్నలేక తడబడుతుంటే చూసేవాళ్లకు నవ్వులాట. కానీ అలాంటి సీజన్లు కొన్ని గడిచేసరికి అతని రెండు కాళ్లూ సమానమయ్యేవి. పాసింగ్ ఆట, వన్ టచ్ అని టీవీలో ఇప్పుడు గొప్పగా చెబుతున్నదంతా ఫతే మైదాన్ మట్టిలో ఆయన అప్పుడే దిద్దించారు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. నిబంధన పెట్టడం తేలికే, బూట్లు కొనేదెవరు? సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం పోలీసుల పాత బూట్లు సంపాదించి, చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. రహీం సాబ్ శిక్షణకు రమ్మంటే, నగరం దాకా రావడానికి కిరాయి సైకిల్‌కే రూపాయి అవుతుందని, అది తన దగ్గర లేదని చెప్పాడట. ఆ రూపాయి రహీం సాబే సర్దారు. భారత ఫుట్‌బాల్ ఏనాడూ అంతకన్నా లాభసాటి ఖర్చు పెట్టలేదని నా లెక్క.

ఆ బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్... జట్టులో హైదరాబాద్ వాళ్లు, ఇక్కడ ఆట నేర్చినవాళ్లు ఇంతమంది. కోచ్ రహీం సాబే. రాష్ట్రం రద్దయి సరిగ్గా నెల, డిసెంబర్ 1న ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా జట్టు మనదే. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియా. ఈసారి మొదటి గోల్ మనది, చివరికి స్కోరు మాత్రం 4-1, వాళ్ల వైపు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. అంతకు మించి మనం ఇప్పటికీ ఎక్కలేదు.

1956-57లో, ఆ మరుసటేడూ సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌దే. రెండు ఫైనళ్లలోనూ ఓడింది బొంబాయే. 1957-58 సీజన్లోనైతే పోలీస్ జట్టు రోవర్స్, డ్యూరాండ్ కూడా ఎత్తుకొచ్చింది. దేశంలోని మూడు పెద్ద కప్పులూ ఒకే ఊళ్లో! అంతలోనే బలరాంను కలకత్తా ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. మంచి ఆటగాడు తయారైతే కలకత్తా రైలెక్కడం అప్పటికే రివాజు. 1959లో పోలీస్ జట్టు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో రహీం శిష్యులు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చారు. అప్పటికే ఆయనకు క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో ఒకసారి సంతోష్ ట్రోఫీ గెలిచాం. ఆ తర్వాత పంటా లేదు, విత్తనమూ లేదు.

ఈ కథలో జగిత్యాల గానీ సారంగాపూర్ గానీ ఎందుకు లేవని అడగాలి. బొల్లారం, అమ్ముగూడ లాంటి దండు బస్తీలు, పోలీస్ లైన్లు, నగరం బడులు, ఈ గీత లోపలే ఆట పుట్టి పెరిగింది. కొలువు, లీగ్, కోచ్ మూడూ అక్కడే. గోదావరి ఒడ్డు పల్లెల్లో కబడ్డీకి గీతలు గీశారు, వాలీబాల్‌కు నెట్టు కట్టారు, ఫుట్‌బాల్ గోల్‌పోస్టులు నాటిన ఊళ్లు తక్కువ. రహీం సాబ్ లాంటి పంతులు ఒక్కరు కరీంనగర్‌కు బదిలీ అయి వచ్చుంటే అని అనిపించక మానదు. రాష్ట్రం పేరు మోసిన జట్టే గానీ నిజానికి అది ఒక్క నగరం జట్టు. ఈ మాట చెబితే హైదరాబాద్ మిత్రులకు కోపం వస్తుంది, రానివ్వండి.

ఆ నగరంలోనే 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్ పుట్టింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఈసారి ఊరు ఉండగానే జట్టు పోయింది.

జిల్లాల నుంచి ఆటగాళ్లు రారనేవాళ్లకు మాత్రం జవాబు మన పొరుగునే ఉంది. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉంది, ఆ ఏడాది దేశపు ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు అందుకుంది. బలరాం ఎక్కిన కలకత్తా రైలే సౌమ్యా ఎక్కాల్సి వచ్చింది, ఈస్ట్ బెంగాల్‌కే.