సున్నపురాయి - రాజభాగము

భూగర్భమున దొరకు ధనములో రాజునకు భాగము కలదనుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన ధర్మము. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున గనుల పాలనకు ఆకరాధ్యక్షుడను అధికారిని పేర్కొని, ధనాగారమునకు గనులే మూలమని చెప్పెను. ఆ రాజభాగమునే నేడు రాయల్టీ యనుచున్నారు. చిన్న ఖనిజముల విషయమున మన పల్లెలలో దీనికే సీనరేజి యని పేరు.

పొలమును కౌలున కిచ్చినచో మఱుసటి యేడును అది పండును. గని యట్టిది కాదు. త్రవ్విన రాయి మరల మొలవదు. కావున 1957వ సంవత్సరపు గనుల చట్టము త్రవ్వితీసిన ఖనిజముపై రాయల్టీ విధించినది. ప్రధాన ఖనిజములకు రేటు నిర్ణయించునది కేంద్రము. సొమ్ము చేరునది రాష్ట్రమునకు. సిమెంటునకు వాడు సున్నపురాయికి 2014లో టన్నుకు 80 రూపాయలుగా నిర్ణయించిరి.

మఱి గోతులు మిగిలిన గ్రామమున కేమి? తమిళనాట 1958 నాటి పంచాయతుల చట్టము క్రింద రాయల్టీపై రూపాయికి 45 పైసల స్థానిక సెస్సు వేసిరి. ఇండియా సిమెంట్స్ కంపెనీ దీనిపై వ్యాజ్యము తెచ్చెను. 1989లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏడుగురు, రాయల్టీ పన్నే యనియు, దానిపై సెస్సు వేయుటకు రాష్ట్రమునకు అధికారము లేదనియు తీర్పు చెప్పిరి.

2004లో ఐదుగురి పీఠమొకటి ఆ తీర్పును పరిశీలించి, రాయల్టీపై సెస్సు పన్ను అని యుండవలసిన చోట రాయల్టీ పన్ను అని పడినదనియు, అది వ్రాతలో దొరలిన దోషమనియు చెప్పెను. లేఖకుని ప్రమాదమువలన ఒక్క పదము జారి శ్లోకార్థమే తలక్రిందగుట తాటాకు ప్రతులలో నేను పెక్కుమార్లు చూచితిని. ఆకులో పోయినది అర్థము. ఇచ్చట పోయినది ఊరి సొమ్ము.

ఏడుగురి తీర్పును ఐదుగురు త్రోసివేయజాలరు గనుక, 2011లో విషయము తొమ్మండుగురి పీఠమునకు నివేదింపబడెను. 2024 జూలై 25న వారిలో ఎనమండుగురు, రాయల్టీ పన్ను కాదనియు, ఖనిజమును తీసికొనుటకై కౌలుదారు యజమానికిచ్చు ప్రతిఫలమనియు తేల్చిరి. ఒకరు మాత్రము భిన్నాభిప్రాయము తెలిపిరి. ఖనిజహక్కులపై పన్ను వేయు అధికారము రాష్ట్రములదే యనియు, పార్లమెంటు దానికి హద్దు విధింపవచ్చుననియు ఆ తీర్పు.

ఈ వ్యాజ్యము సాగుచుండగనే 2015లో జిల్లా ఖనిజ నిధి యేర్పడినది. రాయల్టీ గాక, పాత కౌళ్ళవారు అందులో 30 వంతులు, వేలములో పొందినవారు 10 వంతులు నూటికి లెక్కగట్టి ఆ నిధికి చెల్లింపవలెను. గనులవలన బాధపడిన ప్రాంతములకే అది ఉద్దిష్టము.

పెద్దలారా! మీ పొలిమేరలో గని యున్నచో, ఏటికి ఎన్ని టన్నులు తరలినవి, ఆ నిధినుండి మన బడికిని మంచినీటికిని వచ్చినదెంత యని గ్రామసభలో అడుగుడు. ఒక్క పదమును సరిచేయుటకు ముప్పదియైదేండ్లు పట్టినది. లెక్క యడుగుటకు అంత కాలము జాగు చేయకుడు.