కొండకు రెండు కిలోమీటర్ల దూరంలో: ఉలూరు కథ

మన ఏజెన్సీలో ఇప్పుడు ఎక్కడ చూసినా టెంట్లు, రిసార్టులు, వ్యూ పాయింట్ల మాటే. కొండ చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఏం కట్టాలి? ఎక్కడ కట్టాలి? అది ఎవరు చెప్పాలి? ఆస్ట్రేలియాలో ఉలూరు అనే కొండ దగ్గర ఈ ప్రశ్నలు తేలడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ చరిత్ర మనకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఎర్రటి ఎడారి మధ్యలో 348 మీటర్ల ఎత్తున నిలబడిన రాతికొండ అది. దగ్గరి పట్నం ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. వేసవిలో ఎండ ఒక్కోసారి 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడి ఆదివాసులు అనంగులు. ఆ కొండ మీది పగుళ్లు, గుహలు, నీటి గుంటలు అన్నీ వాళ్లకు పూర్వీకుల కథలే. 1873లో విలియం గాస్ అనే తెల్ల సర్వేయర్ వచ్చి, హెన్రీ అయర్స్ అనే నాయకుడి పేరు మీద దానికి ‘అయర్స్ రాక్’ అని పేరు పెట్టాడు. అప్పటికే దానికి పేరుంది కదా!

1958లో ఆ కొండను ఆదివాసీ రిజర్వు నుంచి విడగొట్టి నేషనల్ పార్కు చేశారు. టూరిస్టుల కోసం కొండ మొదట్లోనే మోటళ్లు, క్యాంపులు, విమానాలు దిగే స్ట్రిప్ వచ్చాయి. 1964లో పైకెక్కడానికి రాతికి గొలుసు బిగించారు. అనంగులకు అది పూర్వీకులు నడిచిన పవిత్రమైన దారి.

కొండ చుట్టూ నేల పాడైపోతోందని తేలాక, 1984లో బసలన్నీ పార్కు బయటికి మార్చారు. అలా పుట్టిందే యులారా. ఫిలిప్ కాక్స్ అనే ఆర్కిటెక్ట్ దాన్ని ఇసుక దిబ్బల మధ్య ఎత్తు తక్కువగా కట్టి, నీడ కోసం పైన తెల్లటి తెరచాపలు కట్టించాడు. ఎండకు అది మంచి జవాబే. కానీ వచ్చేవాళ్లకు కొండ గురించి ఎవరు చెప్పాలన్నది అలాగే మిగిలింది.

1985 అక్టోబర్ 26న భూమి అనంగుల పేరు మీదకు తిరిగి వచ్చింది. దాన్ని 99 ఏళ్లకు పార్కుకే లీజుకివ్వాలన్నారు, కొండ ఎక్కడం కూడా ఆగలేదు. అయితే పార్కు బోర్డులో అనంగులదే మెజారిటీ అయింది. పదేళ్లకు, 1995లో, కల్చరల్ సెంటర్ తెరిచారు. ఆర్కిటెక్ట్ గ్రెగరీ బర్జెస్ పెద్దవాళ్లతో కలిసి ఆ నేలంతా తిరిగాడు. వాళ్లు తమ ఆలోచన ఇసుకలో గీసి చూపించారు. అలా రెండు వంపుల కట్టడాలు వచ్చాయి. ఒకటి కునియా అనే కొండచిలువ తల్లి, ఇంకోటి లీరు అనే విషసర్పం. గోడలు మట్టి ఇటుకలవి. కొండకు రెండు కిలోమీటర్ల ఇవతలే ఆగిపోయారు.

కొండను ఎందుకు ఎక్కకూడదో ఆ సెంటర్‌లో అనంగులే చెప్పుకున్నారు. మెల్లమెల్లగా ఎక్కేవాళ్లు తగ్గారు. ఎక్కేవాళ్లు 20 శాతం కన్నా తగ్గితే ఆ దారి మూసేయవచ్చని 2010 ప్రణాళికలో రాశారు. 2017లో బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించింది. 2019 అక్టోబర్ 26న, అంటే భూమి తిరిగొచ్చిన రోజునే, దారి మూసేశారు. తర్వాత గొలుసు కూడా పీకేశారు.

ఇక మన దగ్గరికొద్దాం. మనకు 1/70 చట్టం ఉంది. మన అనంతగిరి మండలం బొర్రా ప్రాంతం నుంచే 1997 సమత తీర్పు వచ్చింది. భూమి ఎవరిదో చట్టం చెప్తోంది. ఆ భూమి మీద గెస్ట్‌హౌస్ ఎక్కడ లేవాలో, మన జాకరమ్మ తల్లి గుడి దగ్గరికి మెట్లు వేయాలో వద్దో మాత్రం ఎవరో గీసిన మ్యాపులో తేలిపోతోంది. అనంగులు ముందు భూమి సాధించుకున్నారు, తర్వాత బోర్డులో కూర్చున్నారు, ఆ తర్వాతే గోడ కట్టించారు. మన ఊళ్లో టూరిజం పని గ్రామసభకు వస్తే, సంతకం పెట్టేముందు మ్యాపు నేల మీద పరిచి పెద్దవాళ్లకు చూపించమని అడుగుదాం. ఎక్కడ కట్టకూడదో ముందు వాళ్లు గీయాలి. సివిల్, ఆర్కిటెక్చర్ చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ గీత పక్కన కూర్చుని కొలతలు రాయాలి.