చూసి నేర్చిన చేయి

మన బడి రోజుల్లో కర్దనూర్ ఇళ్లలో బొమ్మ అంటే గోడ మీది క్యాలెండరే. ఆ లక్ష్మి, ఆ సరస్వతి ఎక్కడి నుంచి వచ్చారో మనం ఎన్నడూ అడగలేదు. ఆ రూపాలకు మూలం రాజా రవివర్మ (1848-1906) నూనె రంగుల చిత్రాలు. 1894లో ఆయన బొంబాయిలో లితో ప్రెస్ పెట్టాక వాటి అచ్చులు ఇంటింటికీ చేరాయి.

ఆ రవివర్మ కూడా చూసి నేర్చినవాడే. తిరువనంతపురం ఆస్థానంలో నూనె రంగుల పని తెలిసిన రామస్వామి నాయకర్ నేర్పడానికి ఒప్పుకోలేదట. ఆయన శిష్యుడు ఆరుముగం పిళ్లై చాటుగా కొంత చెప్పాడంటారు. 1868లో మహారాజు చిత్రం వేయడానికి థియోడర్ జెన్సన్ వచ్చాడు. అతనూ నేర్పలేదు, పక్కన నిలబడి చూడనిచ్చాడు, అంతే. 1873లో వియన్నా ప్రదర్శనలో రవివర్మకు బహుమతి వచ్చింది!

నకలు చేయడం తప్పు కాదా అని కొందరు మిత్రులు అడిగారు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో నేటికీ అనుమతి తీసుకుని పాత చిత్రాల ముందు కూర్చుని నకళ్లు వేస్తారు. షరతు ఒకటే ముఖ్యం: నకలు కొలత అసలుతో సమానంగా ఉండకూడదు. మన పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో కొత్తగా చేరిన పిల్లవాడు కూడా ముందు పాత డ్రాయింగులు చూసే కదా పని పట్టుకునేది.

రెండేళ్లుగా ఆదివారాలు నేనూ రవివర్మ ముఖాలను చూసి వేస్తున్నాను. గళ్లు గీసి ముఖం దించుకోవాలి. ముందు గోధుమ రంగుతో వెలుగునీడలు పెట్టాలి. కింది పూతలో టర్పెంటైన్ ఎక్కువ, పై పూతల్లో అవిసె నూనె ఎక్కువ. తారుమారైతే పైది ముందే ఆరి, కిందిది తర్వాత కదిలి, పటం పగులుతుంది. ఇది అచ్చంగా మన ఇంజనీరింగే. కష్టమంతా ఒంటి రంగులోనే. చామనఛాయ చెంప నీడలో ఆకుపచ్చ ఉంటుందని నకలు చేసేదాకా నాకు తెలియదు.

స్వర్ణోత్సవానికి మన మొదటి హెడ్‌మాస్టర్ సారు చిత్రాన్ని ఫ్లెక్సీ కాకుండా నూనె రంగుల్లో వేయాలని కమిటీలో అడిగాను, ఒప్పుకున్నారు. దొరికినది ఒక్క గ్రూప్ ఫొటో. అందులో సారు ముఖం బొటనవేలి గోరంత, అదీ నలుపు తెలుపు. ఆయన ఛాయ గుర్తున్నది ఇక మన బ్యాచ్‌ల వాళ్లకే. జుట్టు నెరిసిందా, కళ్లద్దాల ఫ్రేము ఏ రంగు, ఎండలో ముఖం ఎలా ఉండేది, గుర్తున్నవాళ్లు ఒక ఆదివారం మా ఇంటికి రండి. రంగులు కలిపి చూపిస్తాను, ఏది సారుదో మీరే చెప్పాలి.