విశాఖ రాతి బొంతు

పాట్రిక్ రస్సెల్ పేరు మనకు పాము వల్ల తెలుసు. రక్తపింజరిని లోకమంతా రస్సెల్స్ వైపర్ అంటుంది. ఆయన పుణ్యమా అని శాస్త్రానికెక్కిన ఈ విశాఖ చేప సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

రస్సెల్ స్కాట్లాండ్ వైద్యుడు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసే సోదరుడు క్లాడ్‌తో విశాఖపట్నం చేరాడు. కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ 1785లో చనిపోతే ఆ పని ఈయనకొచ్చింది. పాములతో పాటు చేపలనూ సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. ఆ చేపల బొమ్మలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. చేపలకు లాటిన్ పేర్లు తగిలించకుండా, ఊళ్లో విన్న పేర్లనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. 129వ బొమ్మ కింద 'రాటీ బొంటూ' అని ఉంది. మన రాతి బొంతే!

లండన్‌లో జార్జ్ షా ఆ బొమ్మనే ఆధారం చేసుకుని 1812లో దానికి 'స్కియేనా ఫార్మోసా' అని పేరుపెట్టాడు. ఫార్మోసా అంటే అందగత్తె. తర్వాతివాళ్లు దాన్ని సెఫలోఫోలిస్ ప్రజాతిలోకి మార్చారు. 1797లో పాముకు రస్సెల్ పేరిచ్చిందీ ఈ షాయే.

అందగత్తె అన్నమాటలో అతిశయోక్తి లేదు. గోధుమ రంగు ఒంటి మీద తల నుంచి రెక్కల అంచుల దాకా సన్నని నీలి గీతలు అలలుగా సాగుతాయి. బొంతుల్లో, అంటే గ్రూపర్ చేపల్లో, మనిషంత పెరిగేవి ఉన్నాయి. ఇది మూర కూడా ఉండదు, మహా అయితే 34 సెంటీమీటర్లు. తళతళలాడే పగడపు తోటలే కావాలనదు. ఒండ్రు పట్టిన దిబ్బలు, చచ్చిన పగడాలు, లోతు తక్కువ నీళ్లు చాలు. భారత తీరం నుంచి జపాన్, ఉత్తర ఆస్ట్రేలియా దాకా ఉంటుంది. బొంతులు వెంటపడి వేటాడేవి కావు. రాతి సందులో పొంచి, చిన్న చేపో రొయ్యో దగ్గరకు రాగానే నోరు తెరిచి నీళ్లతో సహా లోపలికి లాగేస్తాయి. ఈ కుటుంబంలో చాలా జాతులు ఆడవిగా మొదలై, పెరిగాక మగవిగా మారతాయి.

ఇప్పటి శాస్త్ర గ్రంథాల్లో ఈ చేప పేరు పక్కన షా పేరు, 1812 ఉంటాయి. నన్నడిగితే సగం గొప్ప ఆ పేరు చెప్పిన విశాఖ జాలరిది, బొమ్మ గీసిన చెయ్యిది. రస్సెల్ పుస్తకం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. రెండో సంపుటి తెరిచి 129వ బొమ్మ చూడండి.