మా వాడ బడి కథ – 7: అయ్యవారి వెనక ఎవరున్నారు?



"ఐదో తరగతికి వచ్చినా రెండో తరగతి పాఠం చదవలేకున్నారు." అసర్ నివేదిక వచ్చినప్పుడల్లా పేపర్లలో కనపడే మాట ఇది. 2018లో దేశం మొత్తం మీద పల్లెల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన ఐదో తరగతి పిల్లలు 50.5 శాతం. కరోనా తర్వాత, 2022లో, అది 42.8కి పడిపోయింది. ఈ అంకెలు చూసి పెద్దమనుషులు రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఒకటి, ఆ వాడల పిల్లోళ్ల ఇండ్లలో చదువు వాతావరణం లేదు. రెండు, గవర్నమెంటు అయ్యవార్లు పని చెయ్యరు.

రెండూ తప్పించుకునే మాటలే. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. మొదటి తరం పిల్లలకు చదవడం నేర్పే అయ్యవారికి ఈ సర్కారు, ఈ సమాజం ఏమిచ్చాయి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో జోతిరావు ఫూలే అడిగింది ఇదే. పై చదువులకు పోసే డబ్బు కింది బడులకు పెట్టండి అన్నాడు. అయ్యవార్లు రైతు కులాల నుంచి రావాలి, వాళ్లకు మంచి ట్రైనింగు ఉండాలి, జీతం నెలకు 12 రూపాయలకు తగ్గకూడదు అన్నాడు. పిల్లోడి చదువుకూ అయ్యవారి కడుపుకూ ఉన్న లంకెను ఆయన అప్పుడే చూశాడు.

మన పలమనేరుకు వద్దాం. అప్పట్లో మనది ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు జిల్లా 1911లో గానీ పుట్టలేదు. 1853లో మొదలైన అమెరికన్ ఆర్కాట్ మిషన్‌కు పలమనేరు ఒక ముఖ్యమైన స్టేషను. జేకబ్ ఛాంబర్లెయిన్ 1860ల మొదట్లో ఇక్కడ పనిచేసి, తర్వాత మదనపల్లెకు మారాడు. 1880ల చివర ఆ మిషన్ వాళ్ల సెమినరీ పలమనేరులోనే మొదలైంది. అక్కడ తయారైన ఉపదేశులు పల్లెల్లో బోధకులూ వాళ్లే, అయ్యవార్లూ వాళ్లే. మతం సంగతి పక్కన పెట్టండి. మాలపల్లె, మాదిగపల్లె పిల్లోడి ఎదురుగా కూర్చుని అక్షరం దిద్దించే మనిషిని తయారు చెయ్యాలని ఒక సంస్థ అనుకుంది. ఊరి నడిమి అరుగు బడి మనల్ని గడప తొక్కనియ్యని రోజులవి. ఆ తేడాను మరిచిపోకూడదు.

1893లో మద్రాసు సర్కారు 68వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. పంచమ బడులకు ప్రత్యేక గ్రాంట్లు, మన కులాల నుంచి అయ్యవారి ట్రైనింగుకు పోయేవాళ్లకు స్టైపెండ్లు దాంట్లో ఉన్నాయి. పంచముల చదువుకు మాగ్నాకార్టా అని దానికి పేరు. కాగితం మంచిదే. ఊర్లో అమలు చెయ్యాల్సినోళ్లు మాత్రం మన నీడ పడితే స్నానం చేసేవాళ్లే.

మళ్లీ 1953 జూన్‌లో ఏం జరిగింది? రాజాజీ ముఖ్యమంత్రిగా పల్లె బడుల్లో పిల్లలకు రోజుకు మూడు గంటలే చదువు, మిగతా పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవాలి అన్నాడు. ఆ అక్టోబరు 1 దాకా పలమనేరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఆలోచించండి. అయ్యరు కొడుకు ఇంట్లో కూడా పుస్తకమే చూస్తాడు. మాదిగ పిల్లోడు ఆ పూట తోలు నానబెట్టాలి, మాల పిల్లోడు దొర చేన్లో మడక పట్టాలి. పెరియార్ మండిపడ్డాడు. 1954లో కామరాజ్ వచ్చి దాన్ని ఎత్తేశాడు.

ఇక భాష సంగతి. మా ఇంట్లో ఎనుము అంటాం, వాచకంలో గేదె ఉంటుంది. మేం ఉర్లగడ్డ అంటే పుస్తకం బంగాళాదుంప అంటుంది. మా వాడలో కన్నడం, అరవం కలిసిన తెలుగు. గేదె బొమ్మ చూసి "ఎనుము" అని చదివినందుకు నేను చెయ్యి చాపి బెత్తం దెబ్బ తిన్నాను. నా కండ్లు బొమ్మను సరిగ్గానే చదివాయి. నా నోటి మాటకు ఆ పుస్తకంలో చోటు లేదు, అంతే. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే బళ్ల ఇన్‌స్పెక్టరు, మాట్లాడే తెలుగుకూ పుస్తకం తెలుగుకూ ఇంత దూరం ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి దాన్ని ఉద్యమం చేశాడు. అంతకుముందే ఆయన పర్లాకిమిడి పక్క సవరల భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టాడు. పిల్లోడి నోట్లో మాట నుంచి అక్షరానికి పోవాలనేది ఆయన దారి. వాడుక భాష వాచకాల్లోకి వచ్చింది. మా వాడుక మాత్రం ఇంకా గడప బయటే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా మదనపల్లె పోయి, ఇంకొంచెం ముందుకు పోతే రిషి వ్యాలీ. జిడ్డు కృష్ణమూర్తి పేరు మీద నడిచే ఖరీదైన హాస్టలు బడి. ఆ బడికి అనుబంధంగా గ్రామీణ విద్యా కేంద్రం ఉంది. 1980ల చివర నుంచి రమ, పద్మనాభరావు దంపతులు ఆ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడుపుతూ ఒక పద్ధతి తయారు చేశారు. ఒకే అయ్యవారు, ఐదు తరగతులు, ఒకే గది. మన వాడ బడి కూడా ఇదే కదా!

పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. కార్డుకు కార్డు కలిపి గోడ మీద ఒక నిచ్చెన గీశారు. ప్రతి మెట్టులోనూ కొత్త సంగతి నేర్చుకోవడం, సాధన, పరీక్ష, రాకపోతే మళ్లీ నేర్చుకోవడం, వస్తే ఇంకొంచెం ముందుకు పోవడం ఉంటాయి. పిల్లోడు తన గుర్తు చూసుకుని తన కార్డు తానే తెచ్చుకుంటాడు. కొందరు అయ్యవారి దగ్గర, కొందరు తోటి పిల్లల దగ్గర, కొందరు ఒంటరిగా కూర్చుంటారు. అయ్యవార్లు ఆ పల్లెల్లో చదువుకున్న కుర్రోళ్లే. వాళ్లను ఒకసారి ట్రైనింగు ఇచ్చి వదిలెయ్యలేదు. కార్డుల తయారీలోనే కూర్చోబెట్టారు.

దీంట్లో మన పిల్లోడికి ఏముంది? చెనిక్కాయలు పెరికే కాలంలో అమ్మతో చేనికి పోయి రెండు వారాలు బడి తప్పిపోతే, మామూలు బడిలో పాఠం వాణ్ణి దాటిపోతుంది. తిరిగొచ్చినోడు వెనక బెంచీకి, ఆ తర్వాత ఇంటికి. ఈ పద్ధతిలో వాడి మెట్టు వాడి కోసం ఆగి ఉంటుంది. పేదరికానికి శిక్ష లేదు. అదీ గొప్పతనం.

ఈ పద్ధతిని చూసిపోయి కర్ణాటక 1995లో హెగ్గడదేవనకోటె తాలూకాలో 'నలి-కలి' మొదలుపెట్టింది. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో పెట్టి, 2007కల్లా రాష్ట్రమంతా నడిపింది. అక్కడా ఉత్తర్వుగా దిగినచోట అయ్యవార్లకు అది కార్డులు లెక్కపెట్టే పని అయిందని విమర్శలున్నాయి. ఆ విమర్శ కూడా మన ప్రశ్ననే బలపరుస్తుంది. కార్డు పోయింది, కార్డు వెనకుండే మనిషి పోలేదు.

దీనికి రుజువు మన రాష్ట్రంలోనే దొరికింది. 2005-06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్ పల్లె బడుల్లో ఒక పరిశోధన చేశారు. ఏ పిల్లోడికి ఏం రాదో పరీక్ష పెట్టి, ఆ వివరమంతా రాసి అయ్యవార్లకు ఇచ్చారు. మధ్యలో వచ్చి చూసిపోయారు. ఏడాది చివర చూస్తే, ఆ కాగితం అందని బడులకూ అందిన బడులకూ పిల్లల చదువులో తేడా లేదు. జబ్బు పేరు రాసిచ్చి మందు ఇయ్యకపోతే ఏమవుతుంది? అదే అయింది.

ఇప్పటి సంగతి మీకు తెలుసు. మన జిల్లాలో బడి పేరు చివర 'హెచ్.డబ్ల్యు.', 'ఎ.ఎ.డబ్ల్యు.' అని ఉంటే హరిజనవాడ, ఆది ఆంధ్రవాడ అని అర్థం. బడి బోర్డు మీదే మన కులం రాసి ఉంటుంది. 2022లో 117 నంబరు జీవోతో చాలాచోట్ల 3, 4, 5 తరగతులు హైస్కూళ్లకు పోయాయి. చిన్న బడుల్లో ఒకటీ రెండూ మిగిలాయి, ఒక అయ్యవారు మిగిలారు. 2025లో ఆ జీవో రద్దయింది. ఒంటరి అయ్యవారు మాత్రం చాలా వాడల్లో ఒంటరిగానే ఉన్నారు. పాఠం కంటే ముందు ఆయన ఫోన్లో హాజరు వెయ్యాలి. 2024 దాకా మరుగుదొడ్డి ఫోటో కూడా పంపాల్సి వచ్చేది.

కాబట్టి మన డిమాండు 'బడి మూయొద్దు' దగ్గర ఆగకూడదు. నెలనెలా వచ్చి, పక్కన కూర్చుని, పాఠం చెప్పి చూపించే మనిషి ప్రతి వాడ బడికీ కావాలి. మన నోటి మాటతో మొదలయ్యే వాచకం కావాలి. పనికి పోయి వచ్చిన పిల్లోడి మెట్టు వాడి కోసం ఆగాలి. ఇది మన జిల్లా కొండల్లో పుట్టిన విద్యే. పక్క రాష్ట్రాలు తీసుకుపోయాయి. మన వాడకు ఎందుకు రాలేదని మండలాఫీసులో అడగండి, పేరెంట్స్ కమిటీ మీటింగులో అడగండి. కమిటీలో మీ అమ్మ వేలిముద్ర వేసే సభ్యురాలైతే ఆమె చేతనే అడిగించండి.

వచ్చే భాగంలో మన తాలూకా సాంఘిక సంక్షేమ హాస్టళ్ల సంగతి.

జై భీమ్. జై సావిత్రిబాయి.